మావాడి రంగులు

మా హాస్టల్లో మూడో అంతస్తు చివరి గదికి ఎప్పుడైనా వచ్చినవాళ్ళకు టర్పెంటైన్ వాసన గుర్తుండే ఉంటుంది. ఆ గదిలో ఒక మంచం నాది, ఇంకోటి నంద్యాల జిల్లా ఉయ్యాలవాడ నుంచి వచ్చిన మా రూమ్మేట్‌ది. మూడో మంచం మీద మనిషి లేడు, వాడి బొమ్మలున్నాయి. పేరు మాత్రం రాయొద్దన్నాడు. "రాస్తే రేపట్నుంచి ఒక్కొక్కడూ వచ్చి వాడి పిల్ల బొమ్మ గీసిమ్మంటాడబ్బా" అని వాడి భయం. అందుకని మావాడు అనే రాస్తాను. తెలిసినవాళ్ళకు ఎలాగూ తెలుసు.

వాడి బొమ్మల గురించి రాయమని మన క్లబ్ వాళ్ళు నన్ను అడిగారని చెప్పినప్పుడు వాడు మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. కారణం ఉంది. నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. పుట్టుకతో వచ్చిన వర్ణాంధత్వం. రంగుల మీద రాయడానికి కాలేజీ మొత్తం గాలించినా నాకంటే పనికిరానివాడు దొరకడు. అయినా ఒప్పుకున్నాను. మూడున్నరేళ్ళుగా ఆ బొమ్మలు తడిగా ఉన్నప్పుడు, ఆరినప్పుడు, మళ్ళీ గీకేసినప్పుడు అందరికంటే ఎక్కువసార్లు చూసింది నేనే కదా.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే వాడి సంగతి అర్థం కాదు. మాది గుంటూరు పక్కన మిరప పండే ఊరు. కల్లంలో కాయలు ఆరబోస్తే చూడ్డానికి వచ్చిన చుట్టాలు "అబ్బ, కళ్ళు చెదిరిపోతున్నాయి" అనేవాళ్ళు. ఏం చెదురుతున్నాయో నాకు అర్థమయ్యేది కాదు. నాకది ఎండుటాకులు పోగేసినట్టు ఒక ముదురు ముద్ద, అంతే. తాలుకాయలు మాత్రం ఇంట్లో అందరికంటే వేగంగా నేనే ఏరేవాణ్ణి, అవి తెల్లగా తేలిపోయి ఉంటాయి కాబట్టి. చెట్టు మీద కాయ పండిందో లేదో చూసి చెప్పలేను, వేళ్ళతో నొక్కితే చెప్తాను. మా మేనమామదీ ఇదే కథ. తల్లి నుంచి ఎక్స్ క్రోమోజోమ్ మీద దిగుతుందిది. అమ్మకు ఏమీ ఉండదు, కొడుక్కి వస్తుంది. యూరప్ సంతతి మగవాళ్ళలో నూటికి సుమారు 8 మందికి ఉంటుందని, మన దగ్గర అంతకంటే తక్కువని అంటారు. కాబట్టి ఇది చదివేవాళ్ళలో కూడా ఒకరిద్దరు నా బాపతు ఉంటారు. కొందరికి తమకుందని తెలియకపోవచ్చు కూడా.

రెటీనాలో రంగులు పట్టే శంకు కణాలు మూడు రకాలు. ఒకటి 420, ఒకటి 530, ఒకటి 560 నానోమీటర్ల దగ్గర కాంతికి బాగా స్పందిస్తాయి. నాకు నడిమిదానితో పేచీ. దాంతో ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ, నారింజ అన్నీ నాకు ఒక ఇంటివాళ్ళే. ఊదా, నీలం ఒకటే. ట్రాఫిక్ సిగ్నల్లో పచ్చలైటు దాదాపు తెల్లగా ఉంటుంది. పసుపు, నీలం మాత్రం హాయిగా కనిపిస్తాయి. ఇంటర్‌లో పరమాణు సిద్ధాంతం దగ్గర బట్టీపట్టిన జాన్ డాల్టన్ గుర్తున్నాడా? ఆయనకీ ఇదే. 1794లో మాంచెస్టర్‌లో తన చూపు మీద తనే ఒక వ్యాసం చదివాడు. కంట్లో ద్రవం నీలంగా ఉండటం వల్ల ఇలా అవుతోందని ఆయన అనుమానం. నేను పోయాక కన్ను కోసి చూడండి అని చెప్పిపెట్టాడు. 1844లో చూస్తే ద్రవం మామూలుగానే ఉంది. దాచి ఉంచిన ఆ కంటి ముక్కల్లోంచి 1995లో డీఎన్ఏ తీసి చూస్తే, లేనిది నడిమి రకం అని తేలింది. నేను డాల్టన్ గోత్రం వాణ్ణని అప్పుడప్పుడూ గొప్పగా చెప్పుకుంటుంటాను.

మా నాన్నకు నేను రైలు నడపాలని ఉండేది. లోకో పైలట్‌కి రంగుల చూపు తప్పనిసరి. 1875లో స్వీడన్‌లో లాగర్‌లుండా దగ్గర రైళ్ళు ఢీకొన్నాక హోమ్‌గ్రెన్ అనే డాక్టరు రంగు రంగుల ఉన్నిపోగులు ముందు పోసి రైల్వేవాళ్ళ కళ్ళు పరీక్షించడం మొదలుపెట్టాడట. ఆ తర్వాత 1917లో జపాన్‌లో ఇషిహార చుక్కల పుస్తకం తెచ్చాడు. ఆ పుస్తకం మీద నాన్న ఆశ ఆగిపోయింది. ఆయన ఏమీ అనలేదు, ట్రిపుల్ ఈలో చేరమన్నాడు. రెసిస్టర్ల మీద రంగు పట్టీలు చదవాలని ఆయనకు తెలియదు పాపం.

ఇలాంటివాళ్ళకు లోకమంతా ఒకటే ప్రశ్న వేస్తుంది. "అవునా? అయితే ఇది ఏ రంగు చెప్పు?" చొక్కా చూపిస్తారు, పెన్ను చూపిస్తారు, బకెట్ చూపిస్తారు. మొదటి వారంలో మా ఫ్లోర్‌లో అందరూ వంతులవారీగా అడిగారు. మావాడు సీఎస్ఈ, అప్పటికి పరిచయం కూడా లేదు. రెండు రోజులు దూరం నుంచి చూసి, మూడో రోజు రాత్రి నా మంచం దగ్గరికి వచ్చి కూర్చుని ఒక మిరపకాయ, ఒక వేపాకు, ఒక సిమెంటు పెచ్చు ముందు పెట్టాడు. "రంగు పేరు చెప్పొద్దులే. ఈ మూట్లో ఏవి రెండు దగ్గర దగ్గరగా ఉండాయి నీకు?" అన్నాడు. నన్ను అలా అడిగినవాడు అంతకుముందు ఎవడూ లేడు. మిరపకాయ, వేపాకు అన్నాను. "ఏది ముదురు?" అన్నాడు. మిరపకాయ అన్నాను. వాడు మిరపకాయని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నిజమే రా, ముదురే. నేనెప్పుడూ సూల్లేదు" అన్నాడు. ఆ రాత్రి మూడింటిదాకా కూర్చున్నాం. మర్నాడు నాకు ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసు, నిద్రపోయాను. (సార్ ఈ పత్రిక చదవరని నమ్మకం.)

మావాడి రంగుల పిచ్చి ముగ్గుల్లో మొదలైంది. సంక్రాంతికి వాళ్ళమ్మ కొనే రంగు పొట్లాల్లో మిగిలింది తీసుకుని, తుమ్మబంక నానేసి, అందులో కలిపి గోడ మీద పూసేవాడట. అప్పటికి వాడికి ఎనిమిదేళ్ళు. తర్వాత ఎప్పుడో చదివితే తెలిసిందట, నీటిరంగులంటే అసలు అంతేనని. తుమ్మజాతి చెట్టు జిగురులో రంగుపొడి కలపడమే. "నేనే కనిపెట్టినా అనుకున్న్యా, ఈజిప్టోళ్ళు ముందే కనిపెట్టినారు" అని ఇప్పటికీ బాధపడుతుంటాడు. ఆ గోడ మీద బొమ్మ ఏడాది తిరిగేలోపు ఎండకు వెలిసిపోయింది. ముగ్గు రంగులు నిలవవు కదా. అప్పట్నుంచి వాడికి ఒక పట్టుదల పుట్టింది, ఏ రంగు నిలుస్తుంది, ఏది పోతుంది, ఎందుకు అని. వాడితో పది నిమిషాలు మాట్లాడితే ఈ విషయం మీదికే వస్తాడు. వాన్‌గో పొద్దుతిరుగుడు పువ్వుల్లో వాడిన క్రోమ్ పసుపు వెలుతురు తగిలి గోధుమరంగుకి తిరిగిపోతోందని చెప్పేటప్పుడు సొంత చుట్టానికి జబ్బు చేసినట్టు మొహం పెడతాడు.

నిలిచే రంగుల్లో వాడి లెక్కలో అన్నిటికంటే పైన జాజు. అదే, గుడి గోడలకు సున్నం పట్టెల మధ్య పూసే ఎర్రమన్ను. ఇనుము తుప్పు, ఇంకేమీ కాదు. కర్నూలు దగ్గర కేతవరం కొండల్లో చరిత్రకు ముందటి మనుషులు బండల మీద ఆ ఎర్రమన్నుతోనే జంతువుల బొమ్మలు వేసి పోయారు. వేలయేళ్ళ ఎండావానలు తిన్నా ఇప్పటికీ ఉన్నాయి. ట్యూబు మీద రెడ్ ఆక్సైడ్ అని రాసి అమ్మేదీ ఆ తుప్పే. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపుకి తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో వేసి పులియబెడతారు. గుడ్డకు ముందే కరక్కాయ రసం పట్టించి ఉంటారు కాబట్టి ఆ నీళ్ళు కలంతో గీయగానే నల్లగా తిరుగుతుంది. వాడు మన హాస్టల్ బాత్రూమ్‌లో ఒక డబ్బాలో ఇది ప్రయత్నించాడు. ఆ పులిసిన వాసన గురించి మూడో అంతస్తు వాళ్ళు మీకు నాకంటే బాగా చెప్తారు. కానీ వచ్చిన నలుపు మాత్రం కొన్న నలుపులా లేదు, లోతుగా ఉంది. అది నేను కూడా చూడగలిగాను.

రెండో ఏడాది జనవరిలో వాళ్ళ ఊరు వెళ్ళాను. గుంటూరు నుంచి నంద్యాల రైలు నల్లమల మధ్యలోంచి పోతుంది. గిద్దలూరు దాటాక అడవి, సొరంగాలు, ఆ తర్వాత ఒక్కసారిగా చదును. నంద్యాలలో దిగి బస్సెక్కి ఆళ్ళగడ్డ. అక్కడ రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు. సగం చెక్కిన వినాయకులు, ద్వారపాలకులు, తలలేని నందులు, మనుషుల కనుబొమల మీద కూడా తెల్లటి రాతిపొడి. మావాడు చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఇక్కడికొచ్చి గంటలు గంటలు కూర్చునేవాడట. "రంగే లేదు సూడు. అంతా ఒకటే రాయి. ఎండ యాడ పడతాందో దాన్ని బట్టి ముక్కు లేస్తాంది, పెదిమ లేస్తాంది. నేను నీడ నేర్చుకునింది ఈడనే" అన్నాడు. నాకు ఆ ఊరు భలే నచ్చింది. మొదటిసారి, అందరికీ కనిపించేదే నాకూ కనిపిస్తోంది.

ఉయ్యాలవాడలో వాళ్ళ అవ్వ నన్ను చూడగానే "ఏం నాయనా, ఇంత సన్నంగుండావు, మీ ఊళ్ళో అన్నం పెట్టరా?" అంది. జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి, పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. తిండి గురించి ఇంకో వ్యాసం రాయొచ్చు, వదిలేస్తాను. ఆ ఊరు పేరు మీలో చాలామందికి 2019లో వచ్చిన సినిమా వల్లే తెలిసి ఉంటుంది. నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసి, జనం భయపడాలని తలను కోట గుమ్మానికి ఏళ్ళ తరబడి వేలాడదీశారు. ఊళ్ళోవాళ్ళు అదే ఊపులో ఇంకో పేరు కూడా చెప్తారు, బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో వేలమందికి గంజి పోసిన మనిషి. ఆయన మీద సినిమా ఎవరూ తీయలేదు. అన్నం పెట్టడంలో ఫైట్లు ఉండవు కదా.

ఆ సెలవుల్లో మావాడికి ఒక బడి గోడ మీద నరసింహారెడ్డి బొమ్మ వేసే పని వచ్చింది. రంగుల ఖర్చు ఊళ్ళోవాళ్ళది, కూలి లేదు, మధ్యాహ్నం భోజనం. ఆయన ఫొటో లేదు. ఫొటోగ్రఫీ అనేది లోకానికి తెలిసిందే 1839లో, ఎనిమిదేళ్ళ తర్వాత కుందూ ఒడ్డున కెమెరా ఎక్కడిది? అందుకని ఎవరికి తోచిన ముఖం వాళ్ళు వేస్తారు. తలపాగా మాత్రం అందరూ ఎర్రగానే వేస్తారు. మావాడు రెండు రోజులు ఆ తలపాగా దగ్గరే ఆగిపోయాడు. "ఎర్రది అని ఎవురు సెప్పినారు? ఎండలో తిరిగే మనిషి, తెల్లది సుట్టుకోడా?" అంటాడు. పెద్దాయన ఒకరు వచ్చి "వీరుడికి తెల్లది బాగుంటుందా అబ్బీ, ఎర్రది వెయ్యి" అన్నాడు. ఇంకొకాయన గుమ్మానికి వేలాడే తల కూడా వేయమన్నాడు. మావాడు తల వెయ్యనన్నాడు, ఆ ఒక్కదానికి గట్టిగానే. "పిల్లోళ్ళు రోజూ సూసే గోడ" అన్నాడు. తలపాగా చివరికి ముడతల్లో మాత్రమే జాజు రాసి, పైభాగం మురికి తెలుపు వేశాడు, దుమ్ములో తిరిగిన గుడ్డలాగా. నాకది గోడకు ఆ చివర నుంచి కూడా తలపాగాలాగే కనిపించింది. పూర్తిగా ఎర్రది వేసి ఉంటే వెనక ఉన్న చెట్ల ఆకుపచ్చలో నాకు కలిసిపోయేది. ఇది వాడు నాకోసం చేశాడని అనను. అడిగితే కాదన్నాడు. కానీ నిచ్చెన మీదనుంచి నాలుగైదుసార్లు "కనపడతాందా?" అని అరిచాడు.

సాయంత్రాలు కుందూ దాకా నడిచేవాళ్ళం. తూర్పున నల్లమల, పడమరన ఎర్రమల, మధ్యలో రేగడి. ఆ నేల గురించి మావాడు చెప్పినంతగా ఎవరూ చెప్పలేరు. రేగడి నల్లగా ఉండదంటాడు. పొద్దున మంచులో ఒకటి, మధ్యాహ్నం నెర్రెలిచ్చినప్పుడు ఒకటి, గొర్రు తోలిన చాలులో ఇంకోటి. వాన పడ్డ మర్నాడు అందులో నీలం ఉంటుందంటాడు. శనగచేలు అప్పటికి కాయ పట్టి ఉన్నాయి. శనగాకు పచ్చలో బూడిద, జొన్నాకు పచ్చలో పసుపు, వరి పచ్చలో వెలుతురు అని వేలు చూపించి చెప్పుకుంటూ పోయేవాడు. నాకు అవి మూడూ ఒకటే. కానీ వాడు చెప్తుంటే విసుగొచ్చేది కాదు. నాకు రాని భాషలో ఎవరో బాగా పాడుతున్నట్టుండేది. అర్థం కాకపోయినా పాడేవాడికి ఎంత ఇష్టమో తెలిసిపోతుంది చూడండి, అట్లా. ఒకచోట పొద్దుతిరుగుడు చేను ఉంది. అది వచ్చినప్పుడు మాత్రం వాడు నోరు మూసుకుని పక్కకు తప్పుకున్నాడు. "ఇది నువ్వే సూడు, నా సాయమేం అక్కర్లేదు" అన్నాడు. నిజంగానే అక్కర్లేకపోయింది.

తిరిగి వచ్చాక వాడు ఒక పని చేశాడు. ఆండ్రాయిడ్ ఫోన్లో డెవలపర్ ఆప్షన్స్‌లో కలర్ స్పేస్ మార్చే సెట్టింగ్ ఒకటుంటుంది. యాప్‌లు చేసేవాళ్ళు వర్ణాంధులకు స్క్రీన్ ఎలా ఉంటుందో పరీక్షించుకోవడానికి. దాన్ని ఆన్ చేసి వారం రోజులు అలాగే ఉంచుకున్నాడు. ఊళ్ళో తీసిన ఫొటోలన్నీ అందులో చూశాడు. వాట్సాప్ అందులోనే, క్రికెట్ అందులోనే. మూడో రోజు అమ్మ ఫొటో చూసి "బొట్టు యాడికి పోయింది రా?" అన్నాడు. ఆ గొంతు నాకింకా గుర్తుంది. నేను మా అమ్మ బొట్టు ఎప్పుడూ ఒక ముదురు చుక్కగానే చూశాను, నాకది పోయినట్టు అనిపించదు. వాడికి పోయింది. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత వాడు "పసుపు మాత్రం భలే ఉంది రా మీ దేశంలో. రాజాలా ఉంది" అన్నాడు.

ఆ సెట్టింగ్ పెట్టుకుని వేసిన బొమ్మ ఒకటి ఉంది. మా ఊరి మిరప కల్లం, నేను చెప్పిన గుర్తులతో. చూడని ఊరు. అందులో ఎరుపు ఒక్క చుక్క లేదు. కాయల కుప్ప మొత్తం పసుపు, గోధుమల్లో వేసి, నీడలు నీలంలో ముంచాడు. ఏరుతున్న ఆడవాళ్ళ చేతుల కింద నీలం, తాలుకాయలు తెల్లగా, పైన ఎండ. నేను పుట్టి పెరిగిన కల్లం నాకు మొదటిసారి అందంగా కనిపించింది. చుట్టాలకు కళ్ళెందుకు చెదిరేవో అప్పుడు కొద్దిగా అర్థమైంది. మన ఫెస్ట్‌లో పెట్టినప్పుడు ఒకమ్మాయి చూసి "కలర్స్ ఏదో జబ్బు చేసినట్టున్నాయి" అంది. ఆ మాటకు మావాడు ఎంత సంబరపడ్డాడో. "సరిగ్గా సెప్పింది పాప" అన్నాడు. ఆ బొమ్మ ఇప్పుడు నా మంచం తలవైపు ఉంది.

రంగులు సరిగ్గా కనపడక బొమ్మలు మానేసినవాళ్ళూ ఉన్నారు, మానకుండా దారి మార్చినవాళ్ళూ ఉన్నారు. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో షార్ల్ మెరియోన్ అనే ఆయన వర్ణాంధుడు. రంగులు వదిలి రాగిరేకు మీద చెక్కి అచ్చుతీసే పనిలోకి వెళ్ళాడు. పాత ప్యారిస్ వీధుల్ని ఆయనంత బాగా చెక్కినవాళ్ళు తక్కువ. ఇది కూడా మావాడే ఎక్కడో వెతికి తెచ్చి చెప్పాడు, నేను బొమ్మలు మొదలుపెడతానేమోనని ఆశ. నేను మొదలుపెట్టలేదు. నాకు చూడటమే ఇష్టం.

మూడో ఏడాది ఇద్దరం రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళాం. రామారావు 1897లో పుట్టాడు. గవర్నమెంట్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న కూల్డ్రే దొర ఆయన చేతిలో పనితనం చూసి బొంబాయి జేజే స్కూల్‌కి పంపించాడు. తిరిగొచ్చి సొంత ఊళ్ళో బొమ్మల బడి పెట్టాడు. 1925లో మశూచి వచ్చి చనిపోయాడు, ఇంకా 28 నిండలేదు. ఆ తర్వాత ఆయన బొమ్మల్నీ, ఆ బడినీ నిలబెట్టింది స్నేహితుడు వరదా వెంకటరత్నం, ఇంకా ఇంట్లోవాళ్ళు. మావాడు ఒక్కో బొమ్మ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నేను రంగుల సంగతి వదిలేసి గీత చూశాను. ఆ గీత నాకు పూర్తిగా కనిపిస్తుంది, ఏమీ తక్కువ కాకుండా. బయటికొచ్చాక గోదావరి గట్టు మీద కూర్చున్నప్పుడు మావాడు బొమ్మల గురించి మాట్లాడలేదు. "28 రా. మనకింకా ఏడేండ్లుంది" అన్నాడు. ఆ తర్వాత "కూల్డ్రే లాంటోడు ఒకడుండాల" అన్నాడు. "వెంకటరత్నం లాంటోడు ఉన్నా చాలు" అన్నాను. ఏదో మాట వరసకి అన్నాను గానీ, ఆ మాట నాలో ఉండిపోయింది.

ఎందుకంటే నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్లో వాడు బొమ్మలు మానేశాడు. వాళ్ళ నాన్నది కౌలు సేద్యం. ఆ ఏడాది కోత ముందు వానలు పడి చేతికి రావలసింది నీళ్ళపాలైంది. ఇటు ప్లేస్‌మెంట్లు. వాడు ట్యూబులన్నీ రేకు పెట్టెలో సర్ది మంచం కిందికి తోసేశాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా కోడింగ్ ప్రశ్నలు. గదిలో టర్పెంటైన్ వాసన పోయింది. మీరు నమ్మరుగానీ ఆ వాసన లేకపోతే నాకు నిద్ర పట్టలేదు. వాడు ఇంటర్ తర్వాత ఫైన్ ఆర్ట్స్‌కి పోదామనుకుని, ఇంట్లో మాట విని ఇటొచ్చాడని నాకు తెలుసు. ఇంజనీరింగ్ కళాకారుల్ని చంపేస్తుందని మన పత్రికల్లో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తారు. నాకు ఆ మాట మీద పెద్ద నమ్మకం లేదు. వాణ్ణి ఆపింది సిలబస్ కాదు, ఇంటి నుంచి వచ్చే ఫోన్లు. ఆ ఫోన్లు ఫైన్ ఆర్ట్స్ కాలేజీకి కూడా వస్తాయి.

నేనేం చేయగలను? డబ్బులు నా దగ్గరా లేవు. "మళ్ళీ వెయ్యరా" అనడం తేలిక, అనలేదు. ఒకరోజు నాకు ఇంటర్వ్యూ ఉంది. రెండు చొక్కాలు పట్టుకుని, నాకు జన్మలో ఇష్టం లేని ప్రశ్నని నేనే అడిగాను. "ఇది ఏ రంగు రా?" ల్యాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా "లేత ఆకుపచ్చ" అన్నాడు. "అంటే?" అన్నాను. తల ఎత్తాడు. "శనగాకు మీద పొద్దున మంచు ఉన్నప్పుడు..." అని మొదలుపెట్టి ఆగాడు. చొక్కా నా చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గరికి పోయి వెలుతుర్లో పట్టుకుని చూశాడు. అంతే, ఇంకేం జరగలేదు. పెట్టె బయటికి రాలేదు. కానీ ఆ రోజు నుంచి నేను అడుగుతూనే ఉన్నాను, వాడు చెప్తూనే ఉన్నాడు. మెస్‌లో సాంబారు రంగు, వార్డెన్ స్కూటర్ రంగు, సెక్యూరిటీ తాత శాలువా రంగు. సాంబారు గురించి ఐదు నిమిషాలు మాట్లాడగలిగిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

డిసెంబరులో వాడికి బెంగుళూరులో ఉద్యోగం ఖాయమైంది. ఆఫర్ వచ్చిన రాత్రి వాళ్ళమ్మతో గంటసేపు మాట్లాడి, ఫోన్ పెట్టేసి, మంచం కింద నుంచి పెట్టె లాగాడు. సగం ట్యూబులు మూతల దగ్గర గట్టిపడిపోయాయి. వేడినీళ్ళలో పెట్టి, పటకారుతో మూతలు తిప్పి, ఒక్కొక్కటీ పిండి చూశాడు. రెండు పారేయాల్సి వచ్చింది. జాజు మాత్రం కొత్తదానిలా ఉంది.

ఇప్పుడు కుందూ బొమ్మ ఒకటి నడుస్తోంది. ఇప్పటిదాకా వేసినవాటిలో పెద్దది, గుమ్మంలోంచి బయటికి తీయడానికి అడ్డంగా తిప్పాలి. వరద తీసిన తర్వాత రోజు. ఒడ్డున ఒండ్రు, మునిగి లేచిన చేను, దూరంగా నల్లమల. వాళ్ళ నాన్న అందులో ఉన్నాడు, చాలా చిన్నగా, వీపు మాత్రమే. జూలైలో చేరాలి కాబట్టి ఈలోపు పూర్తి చేయాలంటాడు. బెంగుళూరు గదిలో ఇంత బొమ్మ పట్టదు. అక్కడికి పోయాక వేస్తావా అని అడిగితే "శని ఆదివారాలుంటాయి కదా" అంటాడు. శని ఆదివారాల మీద నాకు నమ్మకం తక్కువ. కానీ వాడి మీద ఉంది. చిరునామా తెలిశాక నెలకోసారి వెళ్ళి ఏదో ఒకటి చూపించి ఇది ఏ రంగు అని అడగాలని అనుకుంటున్నాను.

నిన్న రాత్రి కూడా దాని ముందే కూర్చున్నాడు. రెండు గంటలుగా ఏదో కుదరడం లేదు, ఎక్కడో తెలియడం లేదు. ఇలాంటప్పుడు నన్ను లేపుతాడు. రంగులు నన్ను తప్పుదోవ పట్టించవు కాబట్టి ముదురూ లేతా నాకు ముందు కనిపిస్తాయని వాడి నమ్మకం. కళ్ళు నులుముకుని చూశాను. ఎడమవైపు ఒండ్రు బరువెక్కువైంది, మీ నాన్న అందులో మునిగిపోతున్నాడు అన్నాను. "అది ఎరుపు రా, ఎరుపుకి బరువేం ఉంటుంది" అని వాదించాడు కాసేపు. తర్వాత ఫోన్ తీసి, ఫొటో కొట్టి, ఆ పాత సెట్టింగ్ ఆన్ చేసి చూసుకున్నాడు. ఏమీ అనలేదు. కత్తి తీసుకుని ఎడమవైపు గీకడం మొదలుపెట్టాడు.